దిబ్బ మీద మనిషి

1998 ఫిబ్రవరి 3, వినుకొండ

మా ఆయన ఇమాం హుస్సేన్ ఇల్లు వదిలి నెల దాటింది. పత్తిచేనంతా పురుగుపాలైంది, ఆ మర్నాడే వెళ్లిపోయాడు. పురుగుమందు డబ్బా కూడా కనపడలేదు. ఏ అఘాయిత్యం చేసుకున్నాడోనని మా అత్త సర్దార్‌బీ రోజూ బావుల వైపు మనుషుల్ని పంపుతోంది. అంగన్‌వాడీలో పిల్లలకు పాట చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను.

ఫిబ్రవరి 6

వాడరేవు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే బుల్లయ్య మా ఇంట్లో ఫోటో చూసి, ఈ మనిషిని చూశానన్నాడు. సముద్రంలో ఇసుకదిబ్బ ఉందట. వేటకు వెళ్లినవాళ్లు అక్కడ చేపలు ఎండబెడతారట. వాళ్ల దగ్గర పనిచేస్తున్నాడట, ఎవరితోనూ మాట్లాడడట. అత్త ఏడ్చింది. నాకు కోపం వచ్చింది.

ఫిబ్రవరి 8, సాయంత్రం, దిబ్బ

బుల్లయ్య పడవలో వచ్చాను. ఒక్క చెట్టు లేదు. తెల్లటి ఇసుక, తాటాకు పాకలు, చుట్టూ నీళ్లు. వేరే పనిమీద వస్తే ఎంత అందమైన బీచ్ అనుకునేదాన్నో.

అటు చివర ఆయన. గడ్డం మాసిపోయింది. నన్ను చూసి వెనక్కి తిరిగాడు. బ్యాగు పడేసి పరిగెత్తాను. నేను పిలిచేకొద్దీ నీళ్లలోకి నడిచాడు. నడుము దాకా. ఛాతీ దాకా. నాకు ఈత రాదు. అయినా దిగాను. అల ఒక్కటే గుర్తుంది. రెక్క పట్టుకుని పైకి లాగింది ఆయనే.

"చస్తావే! ఎందుకొచ్చావిక్కడికి?"

"డబ్బా ఏది?"

సముద్రంలో విసిరేశానన్నాడు. "తాగడానికి ధైర్యం చాల్లేదు. ఊళ్లో మొహం చూపించడానికీ చాల్లేదు."

గాలి మారుతోంది, పోవాలమ్మా అని బుల్లయ్య కేకలు. ఆయన రానన్నాడు. అయితే నేనూ రానన్నాను. మళ్లీ ఎప్పుడొస్తావని బుల్లయ్యను అడిగితే, గాలిని బట్టి అన్నాడు. పడవ వెళ్లిపోయింది. భయంగా ఉంది.

ఫిబ్రవరి 9

ఆయన పొద్దంతా చేపలు తిరగేస్తూనే ఉన్నాడు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల పాకలో పడుకుంటున్నాను.

ఫిబ్రవరి 10

గాలి. అలలు పాకల దాకా వస్తున్నాయి. మంచినీళ్ల డ్రమ్ములో అడుగు కనిపిస్తోంది. ఆయన తన వంతు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. మీరు తాగితేనే నేను తాగుతానన్నాను. చివరికి సగం తాగి ఇచ్చాడు. అప్పుడడిగాడు, అమ్మ ఎలా ఉందని.

ఫిబ్రవరి 12

పడవ కనిపించింది. ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

ఫిబ్రవరి 15, వినుకొండ

పప్పులో కారం చాల్లేదని ఇవాళ నా మీద అరిచాడు. వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.