రంగు ఆరని గార్డు

పాఠశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వ్యవసాయ విభాగపు వర్క్‌షాపులో గత నెల జరిగిన ప్రమాదానికి విద్యార్థినియే కారణమని తమరి నివేదికలో ఉన్న మాటను కొట్టివేసి, ఆమెను ఈ నెల పదహారున జరిగే ప్రాక్టికల్ పరీక్షకు అనుమతించుట గురించి.

సదరు వర్క్‌షాపు బోధకుడనైన నేను మనవి చేసుకొనునది. ఈ అర్జీలోని ఫిర్యాదులన్నీ సదరు బోధకుని మీదనే. అనగా నా మీదనే.

1. గడ్డి కత్తిరించే మిషను నోటికి ఇనుప గార్డు ఉండవలెను. చెయ్యి రోలర్ల దాకా పోకుండా ఆపేది అదొక్కటే. మరునాడు తమరు తనిఖీకి వస్తున్నారనగా, గార్డు తుప్పుపట్టి చూడ్డానికి బాగాలేదని, నాలుగు బోల్టులు విప్పి, పసుపు రంగు పూసి, కిటికీ ఊచకు ఆరవేసితిని. భద్రత తమరి కంటికి బాగా కనబడాలని, ఉన్న భద్రతను ఊడదీసి ఎండలో పెట్టితిని. ఈ వాక్యం రాసి నాకే నవ్వొచ్చింది.

2. తమరికి చూపుటకు ఒక గంపెడు మేత ముక్కలు కావలసివచ్చెను. తక్కిన పిల్లలు బయట నారుమళ్ల దగ్గర ఉండిరి. పని బాగా చేసే పిల్ల అని ఆమెనే పిలిచితిని. ఒక్కచోట నిలబడదు గనుక క్లాసులో అందరూ ఆమెను మిడత అంటారు. ఆ రోజు మాత్రం మిషను ముందు నిలబడే అడిగింది.

"సార్, గార్డు లేదు కదా. ఆన్ చెయ్యొచ్చా?"

"రంగు ఇంకా ఆరలేదమ్మా. ఈ ఒక్కసారికి జాగ్రత్తగా పెట్టు. ఐదు నిమిషాల పనేగా" అన్నాను.

గోడ మీది చార్టులో మూడో నియమం "గార్డు లేనిదే మిషను ఆన్ చేయరాదు" అని ఉన్నది. ఆ చార్టు రాసింది ఆమే. దస్తూరి ముత్యాల్లా ఉంటుందని నేనే రాయించితిని.

3. మిషను స్విచ్చు తలుపు పక్కన ఉన్నది. క్లాసుగది విశాలంగా కనబడాలని ఎరువు బస్తాలను తెచ్చి దాని ముందే పేర్పించితిని. కేక విని, బస్తాలెక్కి దిగి, స్విచ్చు ఆపేసరికి ఆమె కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు మొదటి కణుపు దాకా పోయినవి. ఇప్పుడు అక్కడ బస్తాలు లేవు. నేను నిలబడిన చోటి నుంచి స్విచ్చు దాకా రోజూ నడిచి చూస్తున్నాను. ఆరడుగులే అయ్యా.

4. హెడ్మాస్టరు గారు ఆమెను తన కారులో ఆసుపత్రికి తీసుకుపోతూ, "నువ్వుండు, మిషను ఎవరినీ తాకనివ్వకు" అన్నారు. ఎవరినీ తాకనివ్వలేదు. నేనే తాకాను. తడి ఆరని గార్డు తెచ్చి బిగించితిని. ఎవరో విప్పి పక్కకు జరిపినట్టు కనబడాలని రెండు బోల్టులు వదులుగా ఉంచితిని. కిరోసిన్‌తో చేతులు కడుక్కొంటిని.

5. తనిఖీకి రావలసిన తమరు మరునాడు విచారణకు వచ్చిరి. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "గార్డు నువ్వే జరిపావా అమ్మా?" అని ఆమెను అడిగిరి. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను.

"సారునే అడగండి" అంది.

తమరు నన్ను అడిగిరి. "పిల్లలు కదండీ, తొందరపడతారు" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. అబద్ధం ఆడలేదు కదా అని వారం రోజులు నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను. ఆ ముక్కనే పట్టుకొని తమరు "విద్యార్థిని అజాగ్రత్తతో గార్డు తొలగించినందున" అని రాసి, ఆమెను వర్క్‌షాపులోకి రానీయరాదని ఉత్తర్వు ఇచ్చిరి. ప్రాక్టికల్ చేయనిదే ఆమెకు కోర్సు లేదు, ఏడాది చదివిన చదువూ లేదు.

6. మొన్న వాళ్లింటికి పోతిని. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. మిషను మీది గుడ్డ పక్కన పెట్టి, నాకు స్టూలు వేసి, "మీరు దూకి ఆపబట్టి చెయ్యన్నా దక్కింది అన్నయ్యగారూ, మీ రుణం ఎట్లా తీర్చుకోవాలి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నన్ను చెప్పు తీసుకుని కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మిడత ఓ మూల కూర్చుని ఎడమచేత్తో కొమ్మకు అంటు కడుతోంది. టేపు కొస పళ్లతో పట్టుకుంది.

"పదహారుకల్లా చెయ్యి తిరుగుతుంది సార్. నన్ను లోపలికి రానిస్తారా?" అంది.

"చూద్దాంలే" అన్నాను. సిగ్గులేని వాణ్ణి. ఇచ్చిన టీ కూడా తాగి వచ్చాను.

కావున తమరు దయతో నివేదికలోని ఆ వాక్యమును కొట్టివేసి, అచ్చట కారకుడిగా నా హోదా రాయించవలెనని, ఆమెను పరీక్షకు రానిచ్చి ఎడమచేత్తో చేయుటకు కొంత అదనపు సమయం ఇప్పించవలెనని, నన్ను ఆ మిషను దగ్గరి నుంచి తప్పించవలెనని ప్రార్థన. నా మీద చర్య పదిహేడో తేదీకైనా ఫరవాలేదు. ఆమె సంగతి పదహారుకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంతకాలం అవసరానికి మించి),
వర్క్‌షాపు బోధకుడు

తా.క.: హెడ్మాస్టరు గారికి ముందే చెప్పాను. "రుజువు లేకుండా రిపోర్టు ఎవరు మారుస్తారయ్యా? నీ ఉద్యోగం పోతుంది, ఊరుకో" అన్నారు. రుజువు ఉంది సార్. గార్డు విప్పించి లోపలి వైపు చూడండి. తడి రంగు మీద పట్టుకుని బిగించిన చేతి అచ్చు అలాగే ఆరిపోయి ఉంది. గీకేద్దామని రెండుసార్లు వెళ్లాను, చేతులు రాలేదు. నిన్న నా కుడిచెయ్యి ఆనించి చూశాను. సరిగ్గా సరిపోయింది. అయిదు వేళ్లూ కొసల దాకా ఉన్నాయి.