కోచ్ గారి మాట, నా నోరు

జూన్ 3, సోమవారం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త కోచ్!

పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్లి తీసుకొచ్చాం. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, మెడలో విజిల్. ఇదివరకు ఐదు దేశాల జాతీయ జట్లకు కోచ్‌గా చేశారట. ఆ ఐదు చోట్లా ఎందుకు మానేశారో మా ఫుట్‌బాల్ సంఘంలో ఎవరూ అడగలేదు. మా జట్టు చివరిసారి ఎప్పుడు గెలిచిందో ఆయనా అడగలేదు. మర్యాదస్తుడు.

ఆయన భాష ఈ ఊళ్లో నాకొక్కడికే వచ్చు. ఓడలో స్టోర్ కీపర్‌గా ఉన్నప్పుడు వంటవాడి దగ్గర నేర్చుకున్నాను. ఓడ ఉద్యోగం పోయి రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక, ఇదిగో, ఇప్పుడు నేను జాతీయ జట్టుకి దుబాసీని!

కార్యదర్శి గారు పక్కకి పిలిచి, "పాత కోచ్ దగ్గరి దుబాసీ సగం చెప్పేవాడు, సగం మింగేవాడు. నువ్వు ఒక్క ముక్క అటూ ఇటూ చేసినా ఇంటికే" అన్నారు.

కాబట్టి నా నిర్ణయం: ఉన్నది ఉన్నట్టు. కలిపేది లేదు, మింగేది లేదు. ఇంట్లో కూడా! ఫ్రిజ్ ఏ గోడకి పెట్టాలన్న గొడవలో అమ్మకీ మా ఆవిడకీ మాటల్లేవు. ఒకరి మాట ఒకరికి నేనే మోస్తున్నాను. అక్కడా ఇదే పద్ధతి.

జూన్ 4, మంగళవారం

మొదటి ప్రాక్టీసు. కోచ్ గారు అరగంట నోరు మెదపకుండా చూశారు. తర్వాత గోల్‌కీపర్ దగ్గరికి వెళ్లారు. ఎవరు కొట్టినా బంతిని లోపలికి రానిస్తాడని పేపర్లవాళ్లు ఇతనికి ‘సుస్వాగతం’ అని పేరు పెట్టారు.

కోచ్ గారన్నది: "నీ చేతులకి ఈ ఉద్యోగం ఇష్టం లేనట్టుంది. రేపట్నుంచి వాటిని ఇంట్లో వదిలేసి రా."

చెప్పాను. పొల్లు పోకుండా చెప్పాను. సుస్వాగతం గోల్ మధ్యలో చతికిలబడి ఏడ్చాడు. మిగతా పదిమందీ ఓదార్చారు. ప్రాక్టీసు అయిపోయింది.

ఇంట్లో. అమ్మ: "కూరలో ఉప్పు ఏదని అడుగు. పుట్టింటికి పంపించిందేమో." చెప్పాను. మా ఆవిడ: "ఉప్పు తింటే అరవడానికి ఇంకా ఓపికొస్తుందని వెయ్యలేదని చెప్పు." అదీ చెప్పాను.

నా భోజనం: అరటిపండు. అయినా నిర్ణయం నిర్ణయమే!

జూన్ 8, శనివారం

మొదటి మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి మూడు గోల్స్ తిన్నాం.

విరామంలో కోచ్ గారు: "మీ ఆట చూస్తుంటే నా మొదటి పెళ్లి గుర్తొస్తోంది. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు, తప్పంతా నాదంటారు."

చెప్పాను. కెప్టెన్ చెయ్యెత్తి, "మొత్తం ఎన్ని పెళ్లిళ్లట అన్నా?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు కదా, అదీ అడిగాను. మూడట. మిగతా విరామమంతా రెండోదాని గురించే నడిచింది. వ్యూహం గురించి మాట్లాడే టైము లేకపోయింది.

ఆరు-సున్నా.

జూన్ 11, మంగళవారం

సుస్వాగతం ప్రాక్టీసుకి రాలేదు. ఇంటికెళ్లాను. వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. "ఈ చేతులు దీనికే పనికొస్తాయట కదన్నా" అన్నాడు. కోచ్ గారు అలా అనలేదు. నేను పక్కన నిలబడి తుడిచి పెట్టాను.

తిరిగొస్తుంటే దారిలో కెప్టెన్ కలిశాడు. "అన్నా, ఆయన అన్నది అన్నట్టు చెబితే ఎలా? మేమూ మనుషులమే కదా. కాస్త చల్లార్చి చెప్పు."

ఆలోచించాను. కాఫీ చల్లార్చి ఇచ్చినా కాఫీయే కదా? దీన్ని మార్చడం అనరు. పైగా ఇంట్లో నేను అరటిపళ్ల మీదే బతుకుతున్నాను.

జూన్ 12, బుధవారం

కోచ్ గారు, నేను బతిమాలి తీసుకొచ్చిన సుస్వాగతాన్ని చూసి: "వీణ్ణి చూసి జాలిపడి బంతే తనంతట తాను లోపలికి పోతోంది."

నేను: "బంతికి నీమీద నమ్మకం ఉందట. నీకే లేదట."

కేవలం చల్లార్చాను. అంతే.

సుస్వాగతం వరసగా ఐదు బంతులు ఆపాడు! కోచ్ గారి నోరు తెరుచుకుపోయింది. నన్ను పిలిచి, "నేను తిట్టింది సరిగ్గా చెప్పావా?" అన్నారు.

"అక్షరం వదల్లేదండీ."

"తిడితే బాగుపడుతున్నాడన్నమాట. రేపు ఇంకా గట్టిగా తిడతాను."

ఇది నేను ఊహించలేదు.

జూన్ 19, బుధవారం

ఆయన తిట్లు పెరిగేకొద్దీ నా పొగడ్తలూ పెరగాల్సి వస్తోంది. ఇవాళ టోపీ నేలకేసి కొట్టి, మొహం కందగడ్డలా చేసుకుని, ఊపిరి తీసుకోకుండా అరిచారు. అయ్యాక అందరూ నావైపు చూశారు.

"మీరంటే ఆయనకి ప్రాణమట" అన్నాను.

పదకొండు మందీ వెళ్లి కోచ్ గారిని వాటేసుకున్నారు. సుస్వాగతం అయితే బుగ్గ మీద ముద్దు కూడా పెట్టాడు. కోచ్ గారు కొయ్యబారిపోయారు.

"ఈ దేశంలో తిడితే వాటేసుకుంటారా?"

"మా ఆచారమండీ."

ఇంట్లో కూడా చల్లార్చడం మొదలుపెట్టాను. అమ్మ: "ఆ చీరేమిటి, కర్టెన్ చింపి కట్టుకుందా?" నేను: "నీకీ రంగు బాగా నప్పిందట." మా ఆవిడ కూరలో ఉప్పు వేసింది.

జూన్ 29, శనివారం

గెలిచాం!!! రెండు-ఒకటి! మైదానంలో కార్యదర్శి గారు పల్టీ కొట్టబోతే ఆయన నడుం పట్టేసింది.

విలేకరి అడిగాడు: "ఈ గెలుపు రహస్యం ఏమిటి?"

కోచ్ గారు: "అవతలి జట్టులో సగం మందికి విరేచనాలు. అంతే."

నేను: "గెలుపోటములు కాళ్లలో ఉండవు, కడుపులో ఉంటాయి అంటున్నారు."

సాయంత్రానికల్లా ఆ మాట బస్సుల వెనక రాసేశారు. కోచ్ గారు వేదాంతి అయిపోయారు. ఆయనకి తప్ప ఊరందరికీ ఈ సంగతి తెలుసు.

జూలై 2, మంగళవారం

ఘోరం. అమ్మా, మా ఆవిడా నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు!

"చీర నప్పిందని నేనెప్పుడన్నానే?" "మీ మందులు నాకు గుర్తుంటాయని నేనెప్పుడన్నాను అత్తయ్యా?" ఒక్కొక్కటే బయటపడింది. చివరికి ఇద్దరూ ఏకమై నన్ను తిట్టారు. మధ్యలో దుబాసీ అవసరం రాలేదు. ఫ్రిజ్ మాత్రం నాచేతే జరిపించారు.

జూలై 9, మంగళవారం

జట్టు కప్పు పోటీలకి అర్హత సాధించింది. రేపు స్టేడియంలో అభినందన సభ.

కోచ్ గారు గదికి రమ్మన్నారు. మంచం మీద సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. చొక్కాలు మడత పెడుతున్నారు.

"వెళ్లిపోతున్నాను. రేపు సభలో చెప్పేస్తాను."

"ఎందుకండీ? గెలుస్తున్నాం కదా!"

"వాళ్లు గెలుస్తున్నారు. నా మాట ఒక్కడికీ పట్టదు. ఎడమకి వెళ్లరా అని గొంతు చించుకుంటే వచ్చి ముద్దు పెడతాడు. నేనిక్కడ అక్కర్లేని మనిషిని."

ఆయన పోతే జట్టు ఏమవుతుంది? ఆయన పోతే ఈ ఊళ్లో ఆ భాష ఎవరికి కావాలి, నేనెవరికి కావాలి? మళ్లీ ఖాళీ. కానీ నిజం రాయాలంటే, అప్పుడు ఉద్యోగం గుర్తురాలేదు. ఆ మీసం లేకుండా మైదానం ఎలా ఉంటుందో అనుకుంటే ఏడుపొచ్చింది. ఆయనకి తెలియదు గానీ, నాకాయనంటే చాలా ఇష్టం.

ఇదంతా నేను చేసిన పనే అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చొక్కాలు మడత పెట్టడంలో సాయం చేసి వచ్చేశాను.

జూలై 10, బుధవారం

స్టేడియం కిక్కిరిసిపోయింది. కోచ్ గారు మైకు ముందు నిలబడ్డారు.

"నేను రాజీనామా చేస్తున్నాను. ఎల్లుండి వెళ్లిపోతున్నాను. సెలవు."

మైకు నాకిచ్చారు. స్టేడియమంతా నా నోటివైపు చూసింది. ఉన్నది ఉన్నట్టు చెబుదామనే నోరు తెరిచాను. ఒట్టు!

"కప్పు కొట్టేదాకా ఈ దేశం వదిలి కదిలేది లేదంటున్నారు!"

ఈలలు! గంతులు! టోపీలు గాల్లోకి! సుస్వాగతం నేలమీద పడి దొర్లాడు. కార్యదర్శి గారు నడుం పట్టీతోనే చిందేశారు. కోచ్ గారు ఆ జనాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, చెయ్యి కూడా ఊపకుండా దిగి లోపలికి వెళ్లిపోయారు.

పరిగెత్తాను. డ్రెస్సింగ్ రూంలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒక దేశంలో రాళ్లేశారు. ఒక చోట వీడ్కోలుకి డ్రైవరొక్కడే వచ్చాడు. పర్వాలేదనుకున్నాను. కానీ నేను పోతున్నానని ఇంత సంబరపడ్డవాళ్లని ఎక్కడా చూడలేదు."

ఆయన కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని అంతా చెప్పేశాను. బంతి నమ్మకం సంగతి, ప్రాణం సంగతి, ఆచారం, కడుపు, రాజీనామా. అన్నీ.

కోచ్ గారు మెడలో విజిల్ తీసి చేతిలో పట్టుకున్నారు.

"అయితే ఆ ఈలలు..."

"మీరు ఉంటున్నారనండీ."

"అంతమందీనా?"

"అంతమందీ."

అప్పుడు లేచి తిట్టడం మొదలుపెట్టారు. ఓడ వంటవాడికి కూడా రాని తిట్లు. ఒక్కటీ ఎవరికీ మార్చి చెప్పాల్సిన పని లేదు, అన్నీ నాకే. ప్రాణం లేచొచ్చింది.

జూలై 11, గురువారం

సూట్‌కేసులు ఖాళీ చేశారు! ఉంటున్నారు! ఒకే ఒక్క షరతు: ఇకమీదట ఆయనన్నదే నేను చెప్పాలి. నా షరతు కూడా అదే. చేతిలో చెయ్యేసి ఒట్టేసుకున్నాం. కొత్త నిర్ణయం, కొత్త పేజీ: ఉన్నది ఉన్నట్టు!

ప్రాక్టీసు. కోచ్ గారు కుర్రాళ్ల ముందు నిలబడ్డారు. అరవలేదు. మీసం తడుముకున్నారు. టోపీ తీశారు, పెట్టుకున్నారు. చివరికి బొంగురు గొంతుతో ఒక్క మాట అన్నారు.

"మీరంటే నాకు ప్రాణం."

ఆ మాట పలకడం ఆయనకి ఇదే మొదలు. చెవుల దాకా ఎర్రబడిపోయారు. నేను కూడా గొంతు సవరించుకుని, ఒక్క ముక్క కలపకుండా, మింగకుండా చెప్పాను.

"మీరంటే ఆయనకి ప్రాణమట."

ఎవరూ తలెత్తలేదు. బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

"రోజూ చెప్పేదే కదన్నా" అన్నాడు కెప్టెన్. "కొత్తగా ఏమన్నా ఉంటే చెప్పమను."

కోచ్ గారు నా భుజం పట్టుకున్నారు. "ఏమంటున్నారు? చెప్పు. ఏమంటున్నారు?"

"నోట మాట రావడం లేదటండీ" అన్నాను.

రేపట్నుంచి. ఖచ్చితంగా రేపట్నుంచి, ఉన్నది ఉన్నట్టు.