ఇద్దరి లెక్కకి ఏసీ

నవంబరు 9, ఆదివారం. పొద్దున్నుంచీ మంచు, ఎండ రాలేదు. గ్యారేజీ షట్టరు కింద రబ్బరు పట్టీ అతికించాను.

మా ఇంటావిడకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఇల్లూ బాగానే ఉంది. అక్కడ నువ్వూ మరదలూ ఒకరి మీద ఒకరు కేకలేసుకునేంత ఓపికతో ఉన్నారని తలుస్తాను.

నీ రెండో ఉత్తరం అందింది. నా మోకాలి నొప్పి తగ్గింది. మందు మానలేదు. పక్కింటావిడ కోటు చంక దగ్గర చిరిగింది. వేరే ఎవరికైనా ఇవ్వమన్నాను. నువ్వే కుట్టాలట, మడతపెట్టి దాచుకుంది. గ్యారేజీ అద్దెకిచ్చావా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. దానికి చివర్న జవాబిస్తాను.

కిందటి చలికాలం నీ వేళ్లు కొంకర్లు పోయి సూదిలో దారం ఎక్కేది కాదు. ఈ మంచుగడ్డలో నా వల్ల కాదని మరదలి టైలరింగు షాపుకి వెళ్లావు. అక్కడ గది వెచ్చగా ఉంటుందని రాశావు. నీకు సుఖంగా ఉన్నందుకు సంతోషించాల్సింది. నాకు ఆ పూట తిండి సయించలేదు. ఇన్నేళ్లూ ఈ గ్యారేజీలో నా పక్కనే కూర్చుని కుట్టావు. ఎవరెవరి మోటార్లకో తీగ చుట్టి వైండింగు చేశాను గానీ, నువ్వు కూర్చునే చోటు సంగతి పట్టించుకోవాలని తట్టలేదు.

అందుకని ఏసీ షాపు కుర్రాణ్ణి అడిగాను. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి, రెండూ ఇచ్చే రకం ఉందట. గది కొలతలు తెమ్మన్నాడు. కొలిచి ఇచ్చాను. తర్వాత తనే వచ్చి కొలిచి, నా కాగితం మళ్లీ చూశాడు.

"బాబాయ్, పొడవు ఇరవై అడుగులని రాశారు. ఇక్కడ పద్దెనిమిదే ఉంది. మిగతా రెండడుగులు ఎవరెత్తుకెళ్లారు?"

నేను కొలిచింది నీ టేపుతో. దానికి మొదట్లో అయిదంగుళాలు ఊడిపోయాయి కదా. నువ్వయితే ప్రతిసారీ అయిదు తీసేసి చెప్తావు. నేను ఆ మాటే మర్చిపోయి గోడ పొడుగునా నాలుగుసార్లు వేసుకుంటూ పోయాను, వేసిన ప్రతిసారీ అయిదు తప్పింది.

"దీంతో కొలిచి కోట్లు కూడా కుడతారా?" అన్నాడు.

"మా ఆవిడ కుడుతుంది. ఆవిడకి తెలుసు."

"నయం. లేకపోతే ఈ వీధిలో అందరూ కోట్లు ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లు."

పోనీ పెద్దదే పెట్టెయ్, ఎక్కువైతే నష్టమేముంది అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గదికి మించింది పెడితే గబుక్కున చల్లబరిచి ఆగిపోతుందట. గాల్లో తేమ పోక ఒళ్లంతా జిగటగా ఉంటుందట. మరీ చిన్నదైతే రోజంతా రొప్పుతూనే ఉంటుందట. ముందు రేకుల కప్పు కింద థర్మాకోల్ పలకలు కొట్టించి, సందులన్నీ మూయమన్నాడు. అవన్నీ అయ్యాయి. ఆ రబ్బరు పట్టీ ఒక్కటే మిగిలింది, అదీ ఇవాళ్టితో అయింది.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"లోపల వేడి పుట్టించేవి ఏమున్నాయి?"

"ఇస్త్రీపెట్టె."

"అప్పుడప్పుడా, రోజూనా?"

"పొద్దస్తమానం."

"కూర్చునేది ఎంతమంది? మనిషి ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తుంది."

"ఇద్దరం" అన్నాను.

దుప్పటి కప్పిన నీ కుట్టుమిషను వైపు చూశాడు. దాని మీద నేను పడేసిన తీగ చుట్టలు చూశాడు. ఒకటిన్నర టన్ను అని రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"బాబాయ్, ఒక్కరే అయితే టన్ను చాలు. పెట్టె విప్పకముందే చెప్పండి, మారుస్తాను."

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. గ్యారేజీ అద్దెకివ్వలేదు. పాత సామాన్లాయన వచ్చి అడిగాడు. ఖాళీ లేదని పంపించేశాను. ఆ సంగతి నీకు రాయలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఇనప టేపు నా పనిముట్ల పెట్టెలో పైనే ఉంది. దాన్ని పక్కకి జరిపి నీ టేపు తీసుకున్నాను. నీ మెడలో ఉండేది కదా. గది కొలవడం అయ్యాక కూడా చాలాసేపు నా మెడలోనే ఉంచుకున్నాను. లెక్కలైతే రోజూ రాస్తాను, ఇలాంటివి రాయడం చేతకాదు. ఇంతకంటే అడక్కు.

ఏసీ నిన్న వచ్చింది. పెట్టె నీ కుర్చీ పక్కనే ఉంది, విప్పలేదు. కుట్టుమిషను మీంచి నా తీగ చుట్టలు తీసేశాను, దుప్పటి దులిపాను. కుర్రాడు వచ్చే ఆదివారం బిగించడానికి వస్తానన్నాడు. నీకు అక్కడ వెచ్చగా ఉంది, రమ్మని బలవంతపెట్టను. ఒకటిన్నర టన్నే ఉంచమంటావో, మార్చెయ్యమంటావో, అది మాత్రం వెంటనే రాయి.

ఇట్లు,
మీ ఆయన