మీ అత్తగారికి నేనిచ్చిన నిద్ర బిళ్ళలు

గురుగ్రామ్, మంగళవారం

చి.సౌ. కుసుమకి నాన్న దీవెనలు.

ఇవాళ మీ అమ్మ నన్ను తిట్టిందమ్మా! "షుగరు పెట్టుకుని టీలో అంత పంచదారా? మతి గానీ పోయిందా మీకు?" అంది. ఏడాదిన్నరగా నన్ను పరాయివాణ్ణనుకుని కొంగు సర్దుకున్న మనిషి! ఆనందం పట్టలేక వంటింట్లోనే ఏడ్చేశాను.

అది మతిమరుపు జబ్బు కాదట తల్లీ. ఢిల్లీ సాకేత్‌లో డాక్టరమ్మ మందులన్నీ బల్ల మీద పోయించి, నిద్ర బిళ్ళల అట్ట తీసి "అంకుల్‌జీ, ఇవి ఎన్నాళ్ళుగా?" అంది. రెండేళ్ళన్నాను. పాత చీటీలో రాసింది పదిహేను రోజులకేనట. ఖాళీ అట్ట చూపిస్తే షాపువాడు ఇచ్చేవాడు, నేను మీ అమ్మకి వేసేవాణ్ణి. పెద్ద వయసులో అవి మతిని మసకబారుస్తాయట. నా చేత్తో నేనే చేశాను. రెండు నెలలు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పించింది.

ఇన్నాళ్ళూ ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. దసరాకి మీ అత్తగారు నిద్ర పట్టట్లేదంటే ఇచ్చింది ఆ బిళ్ళలే. అయిపోతే అట్ట చూపించి కొనుక్కోమన్నాను. ఆవిడ స్టవ్ ఆర్పడం మరిచిపోతున్నారని నువ్వంటే, వయసులే అన్నాను. కార్డు అందిన రోజే డాక్టరుకి చూపించు. మందు పేరు అంచున పెద్దక్షరాల్లో రాశాను. ఒక్కసారిగా మాత్రం మాన్పించకు, ప్రమాదమట.

మేమిటు వచ్చేటప్పుడు మా ఇంటి తాళం నీకే ఇచ్చాం కదా, అలమరలో మిగిలినవి పారెయ్. బుజ్జిగాడి దగ్గు తగ్గిందా? పాత సీసాలోది పొయ్యకు.

అల్లుడుగారికి ఆశీస్సులు. అత్తగారికి నమస్కారాలు చెప్పి, ఆ బిళ్ళలు ఇచ్చింది నేనేనని గుర్తుచెయ్యి. గుర్తు లేదంటే వెంటనే ఫోన్ చెయ్యి తల్లీ.

మీ నాన్న