మధ్యాహ్నం సీసాలు

గురువారం, ఏప్రిల్ 1989

నీళ్లలో ఫ్లోరైడ్ చూసే మా మీటరు ఎండ ముదిరేసరికి తప్పు చూపిస్తుంది. అందుకే సీసాలను కొన్ని కొన్నిగా పెట్టుకుని, ప్రతి విడతకూ ముందు మీటరును మళ్లీ సరిచూసి క్యాలిబ్రేట్ చెయ్యాలి. మా చీఫ్ కెమిస్టు భూపాల్ సారు విడతలు కట్టేది హోదాను బట్టి! ఆఫీసర్ల క్వార్టర్ల నీళ్లు పొద్దున్నే. చిల్కానగర్, నాగోల్ బోర్ల నీళ్లు మధ్యాహ్నం, అదీ పొద్దుటి క్యాలిబ్రేషన్ మీదే.

మళ్లీ చేద్దామంటే, "బోరు నీళ్లకు గంత నఖరాలెందుకమ్మా? జల్ది కానియ్" అంటాడు.

ఇవాళ ఒళ్లు మండింది. మీటరును సరిచూడటానికి మేమే ఫ్లోరైడ్ ఎక్కువగా కలిపి ఉంచుకునే నీళ్లు ఒక సీసాలో పోసి, చిల్కానగర్ అని చీటీ అంటించి, మధ్యాహ్నం వరసలో పెట్టాను. మీటరు వాటిని మంచినీళ్లంది. ఆ మహానుభావుడు అంకె చూసి మురిసిపోయాడు.

"సూడు, ఫస్ట్‌క్లాస్ నీళ్లు. తాగుమను" అని సంతకం గీకాడు.

అవేం నీళ్లో అప్పుడు చెప్పాను. సిగ్గుపడతాడనుకోవడం నా పిచ్చి.

"అయితే గా ఒక్క సీస పారబొయ్యి. మిగిలిన రిపోర్టులు పంపియ్" అన్నాడు. ఈయనకో కుర్చీ, దాని మీదో టర్కీ టవలు.

పోయిన వారం మా ఇంటి బోరు సీసా కూడా మధ్యాహ్నం వరసలోనే ఉంది. దాని మీదా అదే సంతకం.

ఇందాక పాప నీళ్లడిగింది. కుండలో గ్లాసు ముంచి, ఇవ్వకుండా అలాగే నిలబడ్డాను. అది మాత్రం చెయ్యి చాపే ఉంది.