నాన్న దళసరి ట్యాంకు

ప్రియమైన తమ్ముడు నీల్‌కు,

ప్రభువు నిన్నూ నీ ఓడనూ ఆ అలల మీద చల్లగా చూడాలని వేడుకుంటూ అక్క రాస్తున్నాను. నాన్నా నేనూ ఒంట్లో కులాసా. నా మనసు మాత్రం కుదురుగా లేదు.

నువ్వడిగినవి ముందు చెబుతాను. వంటింటి కప్పు బాగు చేయించాను. నాన్న మోకాలు వాన పడితేనే నొస్తోంది, అంటే మన ఊళ్ళో రోజూ నొస్తోంది. నువ్వు కొనిచ్చిన కంప్యూటర్ మీద యుద్ధ ట్యాంకుల ఆట ఇంకా ఆడుతున్నారా అని అడిగావు. గొడవంతా అక్కడే.

గురువారాలు మాజీ సైనికుల క్లబ్బు వెనక గదిలో జట్టంతా చేరి ఆడతారు, నేను టీ కాస్తాను. నాన్న ఎప్పుడూ ఒకే ట్యాంకు ఎంచుకుంటారు. పాత ఇంగ్లీషు ట్యాంకు క్రాంవెల్, అందులోనూ ముందు భాగాన అదనపు ఉక్కు పలకలు వేసిన దళసరి రకం. మామూలు క్రాంవెల్ కుందేలులా ఉరుకుతుంది. ఇది బరువెక్కి నెమ్మదిస్తుంది. ఎదురుగా వచ్చే గుండును తట్టుకుంటుంది గానీ, పక్కకు తిరిగితే దీనికీ చిల్లే. అందుకని నాన్న దిబ్బ వెనక నిలబెట్టి, మొహం శత్రువు వైపే ఉంచి ఆడతారు. ముందుకురికినవాళ్ళు పేలిపోయాక కూడా ఆయన మిగిలి ఉంటారు.

కార్పెట్లు అమ్మే జస్టిన్ ఈ ఏడు జట్టు నాయకుడు. పోటీలు దగ్గరపడ్డాయని పోయిన గురువారం అందరి ముందూ నాన్నను పట్టుకున్నాడు.

“తాతగారూ, మీది ట్యాంకా, చర్చి బెంచీయా? వేసినచోటే ఉంటుంది.”

“నెమ్మదిగా పోయినా ఇంటికొస్తుంది బాబూ,” అన్నారు నాన్న.

ఆ పలకల బండి రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన దాఖలానే లేదట, ఎక్కడో చదివాడట. అలాంటి ఉత్తుత్తి బండి కోసం జట్టు ఓడాలా అన్నాడు. మామూలు క్రాంవెల్ తీసుకుంటే చోటుంది, లేకపోతే లేదని తేల్చేశాడు. నాన్న టోపీ తీసుకుని లేచారు. పంతొమ్మిదేళ్ళకే నిజం ట్యాంకు నడిపిన మనిషికి కార్పెట్లవాడు యుద్ధం నేర్పుతుంటే, అందరూ నా బిస్కట్లు నములుతూ కూర్చున్నారు నీల్. ఒక్కరూ ఆగమనలేదు.

నేను గట్టిగా మాట్లాడనని నీకు తెలుసు. కెటిల్ కింద పెట్టి, “జస్టిన్, ఇకనుంచి మీ టీ మీరే కాచుకోండి,” అన్నాను. అంతకంటే పెద్ద మాట నోటికి రాలేదు. ఇంటికొచ్చాక చాలా తట్టాయి, వాటికి ప్రభువు నన్ను క్షమించాలి.

నువ్వు కూడా పోయిన ఉత్తరంలో, నాన్నను వేగంగా పోయే బండి తీసుకోమను, సరదాగా ఉంటుంది అని రాశావు. నీ మీదా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నాకు మాత్రం అప్పుడేం తెలుసు?

ఆ గురువారం నుంచి నాన్న కిటికీ దగ్గర కుర్చీ వదల్లేదు. ఇక దాచకుండా చెబుతాను. మొన్న ఆదివారం సాయంత్రం నేను ప్రార్థనకు వెళ్ళలేదు. విశ్రాంతి దినమని ఆదివారం అల్లిక సూది కూడా ముట్టని నేను, నాన్నను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మనిద్దరమే జట్టు, మీరు చెప్పండి నేను నడుపుతాను అన్నాను. ఆయన నవ్వారు.

కొత్తదాన్ని కదా, తేలికగా ఉంటుందని మామూలు క్రాంవెల్ ఎంచుకోబోయాను. నాన్న చెయ్యి నా చేతి మీద పడింది.

“అది వద్దమ్మా. ఎర్నీ అందులోనే పోయాడు.”

ఎర్నీ ఆయన పక్క సీటువాడట. గుండు ఎదురుగానే ఉక్కును చీల్చుకుని, అతను కూర్చున్న వైపు దూసుకొచ్చిందట. ఇన్నేళ్ళలో అమ్మకైనా చెప్పారో లేదో.

“పలకలేసిన బళ్ళు మా దళానికి వచ్చేసరికి యుద్ధం అయిపోవచ్చింది,” అన్నారు. “వాటిని కవాతు కోసం కడిగాం. పోరాడలేదని ఆ అబ్బాయి అన్నది నిజమే. ఆలస్యంగా వచ్చాయి, అంతే.”

దళసరిదే తీసుకున్నాం. దిబ్బ వెనక నిలిపాను. గుండు ఎదురుగా తగిలి, పలక మీద చిట్లిపోయింది. నాన్న చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

వచ్చే ఆదివారమూ మందిరానికి వెళ్ళేలా లేను, పాస్టరు గారడిగితే నిజమే చెబుతాను. నువ్వు నాన్నకు రాసేటప్పుడు మాత్రం వేగం మాట ఎత్తకు.

ఇట్లు,
నీ క్షేమం కోరే అక్క,
హిలరీ