గడ్డి మీద పెట్టిన రంపం

డిసెంబర్ 8, సోమవారం
క్రిస్మస్ భోజనానికి పన్నెండు మంది వస్తున్నారు. నా చేత్తో చేయబోయే కొత్త బల్ల మీదే వడ్డన! మా ఆవిడ నరెల్‌కి మాటిచ్చేశాను. అందుకు ఒక పెద్ద మిషను కొనాలి. ఒక్కటే. బల్ల రంపమా (టేబుల్ సా), పట్టీ రంపమా (బ్యాండ్ సా)? శనివారానికల్లా తేల్చేస్తా. ఇక రంపాల వీడియోలు చూడటం బంద్!
నరెల్ అప్పుడే పాత బల్లని ఇంటి ముందు గడ్డి మీద పెట్టించేసింది. ఈ రెండు వారాలూ మా వీధిలో పాత సామాను బయట పెట్టుకోవచ్చు. కావలసినవాళ్లు ఎత్తుకుపోతారు, మిగిలింది మున్సిపల్ కౌన్సిల్ లారీ పట్టుకుపోతుంది. మా బల్ల టీ తాగి వచ్చేలోపే మాయం. మంచిదే, ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

డిసెంబర్ 10
ఒకే ఒక్క వీడియో. అదీ వేళ్లు తెగకుండా ఎలాగో చెప్పేది, కాబట్టి లెక్కలోకి రాదు.
బల్ల రంపం తిన్నగా కోస్తుంది. పట్టీ రంపం వంపులు కోస్తుంది. బల్లకి వంపులెందుకు? కాళ్లకుంటే బాగుంటాయేమో!

డిసెంబర్ 13, శనివారం
పనిముట్ల షాపుకెళ్లాను. గుమ్మం దగ్గర ఉల్లిపాయలతో సాసేజ్ వేయిస్తున్నారు. రెండు తిన్నాను.
లోపల అమ్మాయి అడిగింది: "ఏం కోస్తారండీ?"
"అదే ఇంకా తేలలేదమ్మా."
గరుకు కాగితం కొనుక్కొచ్చాను. అదీ అవసరమే కదా.

డిసెంబర్ 16
ఇక్కడ డిసెంబరంటే నడి వేసవి, ఎండ మండిపోతోంది. షెడ్డులో కాలు పెట్టలేం.
నరెల్: "ఏమయ్యా వడ్రంగీ, పండక్కి వండే పంది హామ్ ఎక్కడ పెట్టమంటావ్? నీ ఒళ్లోనా?"

డిసెంబర్ 18
కొనేశాను! బల్ల రంపం!! పక్కింటి స్పైరో సాయం పట్టి కారులోంచి దించాడు. బరువు తగ్గుతుందని అట్టపెట్టె విప్పేసి రంపాన్ని గడ్డి మీద నిలబెట్టాం.
"షెడ్డు దాకా నా నడుం వల్ల కాదు బాబూ, మా ఇంట్లో ట్రాలీ ఉంది రా," అన్నాడు స్పైరో. ట్రాలీ కోసం వెళ్తే చల్లటి బీరు ఇచ్చాడు. కాదంటే బాగుండదు.
తిరిగొచ్చేసరికి గడ్డి మీద స్పైరో పారేసిన పాత పరుపు అలాగే ఉంది. రంపం లేదు.
పారేశామనుకుని ఎవరో ఎత్తుకుపోయుంటారు, ఎవర్నని తిట్టను? నేను మాత్రం తక్కువ తిన్నానా? మా సోఫా పక్క వీధి గడ్డి మీద దొరికిందే.

డిసెంబర్ 19
నరెల్ తిట్టలేదు. "పోనీలే, నిలబడి తింటాం," అంది. తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది.

డిసెంబర్ 24
ఇక ఆగలేకపోయాను. బల్ల పలక కోసం బాత్రూం తలుపు ఊడదీశాను. తుప్పు పట్టిన చేతి రంపంతో నాలుగు కంచె గుంజలు కోసి దానికి కాళ్లుగా బిగించాను. చేతులు బొబ్బలెక్కాయి. ఊగుతోంది, కానీ నిలబడింది!

డిసెంబర్ 25
పన్నెండు మందీ కూర్చున్నారు. తలుపు గొళ్లెం ఊడదీసిన కన్నంలో స్పైరో బీరు సీసా దింపాడు. నరెల్ చెయ్యి బల్ల మీదే ఉంచి, "దీన్ని గడ్డి మీద పెట్టావో, నిన్ను కూడా పెడతా," అంది. నాకెంత సంతోషమేసిందో!
బాత్రూంలోకి వెళ్లినవాళ్లు బయటికొచ్చేదాకా గట్టిగా పాట పాడాలని రూలు పెట్టాం.

జనవరి 1
మళ్లీ తలుపుగా బిగిద్దామంటే నరెల్ బల్ల ఇవ్వనంటోంది. ఈస్టర్‌కి వాళ్లమ్మ వస్తోందట, ఆవిడకి ఒక్క పాటా రాదట.
నా చేత్తో కొత్త తలుపు చేస్తాను. ముందు ఒక పెద్ద మిషను కొనాలి.